ఉపాధ్యాయుని పైచదువు: పాఠ నిర్మాణము, బోధనోపకరణములు

వైద్యుడు పైచదువునకు పోయెననిన ఎల్లరును సంతోషింతురు. న్యాయవాది క్రొత్త చట్టములను చదువుచున్నాడనిన మెచ్చుకొందురు. కాని బడిపంతులు శిక్షణ పొంది, ఉద్యోగమున చేరి, పదియేండ్లు పాఠములు చెప్పిన పిమ్మట మఱల విద్యార్థియై పైచదువునకు పూనుకొనిన, తలిదండ్రులలో కొందఱు "చెప్పుట వచ్చినవానికి ఇక నేర్చుకొనుట కేమున్నది?" అని యడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. ఈ చదువు ఎట్టిది?

ఉపాధ్యాయులు నేడు అభ్యసించు పైచదువులలో ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్, లెర్నింగ్ టెక్నాలజీ అను పేర్లుగల విద్య యొకటి కలదు. మొదటిదానిని తెలుగున పాఠ నిర్మాణ మనియు, రెండవదానిని బోధనోపకరణ శాస్త్ర మనియు చెప్పుకొనవచ్చును. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయము, ఫ్లోరిడా రాష్ట్ర విశ్వవిద్యాలయము మొదలగునవి దీనిని పట్టభద్రులకు ప్రత్యేక విద్యగా నేర్పుచు వచ్చినవి. మన దేశమున 1985 లో స్థాపింపబడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఉద్యోగమును విడువకయే చదువుకొనగోరు ఉపాధ్యాయుల కొఱకు విద్యా సాంకేతిక శాస్త్రమున పట్టభద్రానంతర డిప్లొమాను ఏర్పఱచినది. ఇంటనుండి చదువుకొను పద్ధతి తెలుగువారికి క్రొత్తది కాదు. భారతదేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982 ఆగష్టు 26 న తెలుగునాట వెలసినది. నేడది డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేర పిలువబడుచున్నది.

పేర్లు క్రొత్తవైనను ప్రశ్నలు పాతవియే. ఏ విషయమును ముందు చెప్పవలెను, ఏది వెనుక చెప్పవలెను? విద్యార్థి గ్రహించెనో లేదో యెట్లు తెలిసికొనవలెను? గ్రహింపనిచో చిక్కు ఎక్కడ నున్నదని వెదకవలెను? ఏ పాఠమునకు ఏ సాధనము తగును? ఈ ప్రశ్నలకు అలవాటునుబట్టి గాక, పరీక్షించి తెలిసికొన్న దానినిబట్టి సమాధానము చెప్ప నేర్చుటయే ఈ విద్యయందలి సారము.

2. ఇసుకనుండి ట్యాబు వఱకు

మొదట ఉపకరణముల సంగతి చూతము. పూర్వము మన వీధిబడులలో బాలురు నేలపై పఱచిన ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దుచుండిరి. ఆ ఇసుకకు వెల లేదు. చెఱిపినంతనే మఱల వ్రాయవచ్చును. 1789 లో మద్రాసు ఎగ్మూరునందలి అనాథ బాలుర ఆశ్రమమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అను మతగురువు, ఒక దేశీయ పాఠశాలయందు ఈ పద్ధతిని చూచి తన ఆశ్రమమున ప్రవేశపెట్టెను. నేర్చిన బాలురచేతనే నేర్వని బాలురకు చదువు చెప్పించు ఏర్పాటును గూడ చేసెను. 1797 లో ఆయన లండనులో ప్రకటించిన నివేదిక వలన ఈ "మద్రాసు పద్ధతి" ఇంగ్లండు పాఠశాలలకు ప్రాకెను. ఇక్కడ గమనింపదగిన సంగతి యొకటి యున్నది. సముద్రము దాటి పోయినది ఇసుక మాత్రమే కాదు. ఎవరు ఎవరికి ఏ క్రమమున చెప్పవలెనను ఏర్పాటు గూడ పోయినది.

తరువాత పలకయు, నల్లబల్లయు, గోడపటములును, మ్యాజిక్ లాంతరును బడులలోనికి వచ్చెను. 1913 లో అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు థామస్ ఎడిసన్, చలనచిత్రములు వచ్చినవి గనుక పాఠశాలలలో పుస్తకములకు త్వరలోనే పని యుండదని చెప్పెను. నూఱేండ్లు దాటినను పుస్తకము బడిని విడువలేదు.

ఎడిసన్ ఆ మాట చెప్పిన రెండు మూడేండ్లకు మన యూరివా డొకరు అవే చలనచిత్రములతో జీవనము గడిపిరి. 1895 సెప్టెంబరు 28 న వినుకొండలో జన్మించిన మహాకవి గుఱ్ఱము జాషువగారు 1915-16 సంవత్సరములలో రాజమహేంద్రవరమున మూగచిత్రములకు వాచకులుగా పనిచేసిరి. ఆనాడు తెరమీది బొమ్మ కదలును గాని పలుకదు. వాచకుడు కథను, సంభాషణలను చదువుచుండగా ప్రేక్షకులకు బోధపడుచుండెను. ఉపాధ్యాయులుగాను, తెలుగు పండితులుగాను పనిచేసిన ఆయన ఉభయభాషా ప్రవీణ పరీక్షయందు ఉత్తీర్ణులైరి. 1957 మొదలు 1959 వఱకు మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమములను రూపొందించిరి. బడి, మూగతెర, రేడియో అను మూడింటిని ఎఱిగిన ఈ పండితుని జీవితమును చదివినవారికి, యంత్రమునకు మాట నిచ్చువాడు మనుష్యుడే యని స్పష్టమగును.

1975 ఆగష్టు 1 నుండి 1976 జులై 31 వఱకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము సహాయముతో, మన దేశమున ఆఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారము చేయబడెను. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ప్రసార భాషలలో తెలుగొకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమము లుండెను. సెలవులలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనయందు శిక్షణ నొసగునపుడు, టెలివిజనునకు తోడుగా రేడియోను, అచ్చుపాఠములను, చేతితో చేయు ప్రయోగములను గూడ జతపఱచిరి. ఒక్క తెర చాలదని దానిని నడిపినవారే ఎఱిగియుండిరి.

ఇటీవలి సంగతులు మీరు ఎఱిగినవే. 2020 లో అంటువ్యాధివలన బడులు మూతపడగా దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠములు వచ్చెను. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వము తన పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలబాలికలకు ట్యాబులను పంచెను. ఇసుకనుండి ట్యాబు వఱకు సాధనములు మాఱుచునే యున్నవి. ప్రతి సాధనము వచ్చినపుడును, ఇక చదువు సులభమగునను ఆశ కలుగుచునే యున్నది.

3. సరకు, బండి

ఈ యాశ ఎంతవఱకు సమంజసము? 1983 లో రిచర్డ్ క్లార్క్ అను అమెరికా విద్వాంసుడు అంతకుముందు జరిగిన పరిశోధనలను పెక్కింటిని పరిశీలించి, సాధనము తనంతట తాను చదువును పెంపొందింపజాలదని వాదించెను. ఆయన దృష్టిలో సాధనము సరకును మోయు బండి వంటిది. మన ప్రాంతమువారికి ఇది సులభముగా బోధపడును. మిరప టిక్కీలు గుంటూరు యార్డునకు లారీలో పోయినను, ట్రాక్టరులో పోయినను, కాయలోని కారము మాఱదు. అటులే చెడుగా కూర్చిన పాఠము నల్లబల్లమీద చెడుగా నున్నట్లే ట్యాబులోను చెడుగానే యుండును.

ఇందుకు ప్రతివాదమును కలదు. 1991 లో రాబర్ట్ కోజ్మా అను మఱియొక పండితుడు, కొన్ని విషయములు కొన్ని సాధనములందే చక్కగా బోధపడునని వ్రాసెను. రక్తము గుండెలో ప్రవేశించి వెడలు విధమును కదలని బొమ్మకంటె కదలుబొమ్మ తేటగా చూపును. పరభాషా పదముల ఉచ్చారణను ముద్రిత పుటకంటె ధ్వనియంత్రము బాగుగా నేర్పును. ఈ రెండు వాదములను చదివిన ఉపాధ్యాయుడు యంత్రమును పూజింపడు, ద్వేషింపడు. ఈ పాఠమున ఈ పిల్లవానికి దీనితో ఏమి పని యని విచారించును.

4. పాఠమును కట్టు విధము

సరకు ముఖ్యమనిన, ఆ సరకును తయారుచేయు విధమెట్టిది? ఈ శాస్త్రమున పలువురు మార్గము వేసిరి. 1956 లో బెంజమిన్ బ్లూమ్ మొదలగువారు విద్యా లక్ష్యములను జ్ఞాపకముంచుకొనుటనుండి విమర్శించి నిర్ణయించుట వఱకు శ్రేణులుగా ఏర్పఱచిరి. 1962 లో రాబర్ట్ మేగర్, లక్ష్యమును పరీక్షించుటకు వీలగు మాటలలో వ్రాయవలెనని బోధించెను. 1965 లో రాబర్ట్ గానే, ఒక నేర్పు అబ్బుటకు దానికి ముందుగా రావలసిన నేర్పు లెవ్వియో విడదీసి చూపవలెనని వ్రాసెను. విశ్లేషణము, రూపకల్పన, నిర్మాణము, ఆచరణము, పరీక్షణము అను ఐదు మెట్ల క్రమము 1970-80 దశాబ్దమున స్థిరపడెను.

ఇవి గంభీరముగా వినబడవచ్చును. ఒక పాఠమును తీసికొని చూచిన తేటపడును. ఏడవ తరగతిలో శాతముల పాఠ మనుకొందము.

మొదటిది లక్ష్యము. "విద్యార్థులు శాతములను అర్థము చేసికొందురు" అని వ్రాసిన, అది నెఱవేఱెనో లేదో ఎవరును చెప్పజాలరు. "ఒక రాశి తగ్గినపుడు ఎంత శాతము తగ్గెనో విద్యార్థి లెక్కింపవలెను, ఆ శాతము ఏ మొత్తముమీద కట్టబడినదో చెప్పవలెను" అని వ్రాసిన, పరీక్షింపవచ్చును.

రెండవది తెలిసినదానినుండి తెలియనిదానికి పోవుట. సువార్తలలో ప్రభువు విత్తువానిని, వలను, దీపమును ఉదాహరించి బోధించెను. వినువారు అట్టి వస్తువులమధ్య బ్రదుకువారే. మన పిల్లలకు మిరపకల్లము తెలియును. కావున లెక్కకొఱకు ఇట్లు భావింతము: 100 కిలోల పండుమిరపకాయలు కల్లములో ఎండి 30 కిలోలైనవి. బరువు ఎంత శాతము తగ్గెను? 70 శాతము. ఇంతవఱకు తరగతిలో చాలమంది చెప్పుదురు.

మూడవది, చిక్కున్నచోటును ముందుగా ఊహించి ప్రశ్న వేయుట. ఆ ఎండుకాయలలో ఇంకను 10 శాతము తేమ మిగిలియున్నది. అట్లయిన పండుకాయలలో మొదట ఎంత శాతము నీరుండెను? ఇచ్చట తొందరపడువారు 70 కి 10 కలిపి 80 అందురు. కాని ఈ 10 శాతము 100 కిలోలమీద కట్టినది కాదు. 30 కిలోలమీద కట్టినది. 30 కిలోలలో 10 శాతమనగా 3 కిలోలు. ఎండలో పోయిన నీరు 70 కిలోలు, కాయలో నిలిచిన నీరు 3 కిలోలు, వెరసి 73 కిలోలు. కావున సరియైన సమాధానము 73 శాతము.

నాలుగవది, తప్పును చదువుట. 80 అని చెప్పిన బాలునికి కూడిక రాదని యనరాదు. వాడు "దేనిమీద?" అను ప్రశ్నను వేసికొనలేదు. అట్టివానిచేత ఇరువది కూడికలు చేయించిన కాలము వ్యర్థమగును. రెండు కుప్పలను బొమ్మగీయించి, ప్రతి శాతము ప్రక్కను అది ఏ కుప్పకు చెందినదో వ్రాయించిన, చిక్కు వీడును. ఎఱ్ఱసిరాతో తప్పు అని గీత గీయుట వేఱు, తప్పు పుట్టిన చోటును కనుగొనుట వేఱు. పైచదువు ఉపాధ్యాయునికి నేర్పవలసినది ఈ రెండవదానిని.

ఐదవది, పాఠమునే పరీక్షించుట. నలువదిమందిలో ముప్పదిమంది ఒకే తప్పు చేసిరనిన, లోపము పిల్లలలో వెదకుటకు ముందు పాఠములో వెదకవలెను. ఏ మెట్టు దాటిపోయితిమి? ఏ మాట అస్పష్టముగా నున్నది? ఇట్లు విచారించి మఱుసటి యేడు పాఠమును మార్చి చెప్పువాడే పాఠ నిర్మాత.

5. ఋషివ్యాలీ నిచ్చెన

ఈ శాస్త్రము పరదేశమునందే పెరిగినదని యనుకొనరాదు. మదనపల్లెకు సమీపమున జిడ్డు కృష్ణమూర్తిగారి విద్యాసంస్థయైన ఋషివ్యాలీ కలదు. అక్కడి గ్రామీణ విద్యాశాఖలో పద్మనాభరావు, రమ అను ఉపాధ్యాయ దంపతులు, చుట్టుప్రక్కల పల్లెలలోని చిన్న బడుల కొఱకు ఒక పద్ధతిని నిర్మించిరి. ఆ బడులలో ఒక్కరే ఉపాధ్యాయుడు. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు. పాఠ్యపుస్తకమును ఒకే వేగముతో అందఱికిని చెప్పుట అట్టిచోట పొసగదు.

కావున వారు పాఠ్యాంశములను చిన్నచిన్న అట్టముక్కలుగా విభజించి, ప్రతిదానిమీద బొమ్మగుఱుతును, వరుససంఖ్యను వేసిరి. గోడమీద ఒక నిచ్చెన పటము వ్రేలాడును. అందు ఏ అట్ట తరువాత ఏ అట్ట తీయవలెనో గుఱుతులతో నుండును. ప్రతి మజిలీలోను క్రొత్త సంగతిని పరిచయము చేయునది, దానిని సాధన చేయించునది, పరీక్షించునది, తప్పినవానికి మఱల నేర్పునది, వచ్చినవానికి అదనముగా నిచ్చునది అని పలువిధములైన పనులు కలవు. కొన్ని పనులు ఉపాధ్యాయునితో, కొన్ని తోటిపిల్లలతో, కొన్ని ఒంటరిగా చేయవలెను. ఈ సామగ్రికి "పెట్టెలో బడి" యని పేరు వచ్చెను.

కర్ణాటకమున మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకాలో 1995 లో మొదలైన "నలి-కలి" పద్ధతికి ఈ పల్లెబడులే ప్రేరణము. 2003 లో చెన్నపట్టణపు కార్పొరేషను పాఠశాలలు ఈ త్రోవనే పట్టినవి. తెలుగుపల్లెలోని అట్టముక్కలు పొరుగు రాష్ట్రములకు పాఠమైనవి. ఇందు విద్యుచ్ఛక్తి అక్కఱలేదు, యంత్రము లేదు. అయినను ఇది బోధనోపకరణమే. శ్రేష్ఠమైన పాఠ నిర్మాణమును మోయు ఉపకరణము.

ఇది మన ప్రాంతమున కేల ముఖ్యము? చలికాలమున పత్తితీతలు, సంక్రాంతి దాటిన పిమ్మట మిరపకోతలు ముమ్మరమగును. కూలికి పోవు తల్లిదండ్రులవెంట కొందఱు పిల్లలు చేలకు పోవుదురు. పసిబిడ్డను చూచుకొనుటకై కొందఱు బాలికలు ఇంట నిలిచిపోవుదురు. మూడు వారములకు ఒక బాలిక తిరిగి వచ్చునప్పటికి తరగతి భిన్నములను దాటి దశాంశములలో నుండును. ఆమె వెనుక బల్లమీద కూర్చుండి ప్రక్కదాని పుస్తకములోనుండి ఎక్కించుకొనును. హాజరుపట్టీలో ఆమె పేరు పిలువబడును, ఆమె పలుకును; కాని చదువులో ఆమె గైరుహాజరు. ఏడాది చివర ఆమెకు లెక్కలు రావనియు, తెలివి తక్కువయనియు పేరు పడును. నిచ్చెన పద్ధతియందు ఆ బాలిక తాను దిగిన మెట్టునుండియే మఱల ఎక్కును. ఎవరును ఆమెను మొద్దు అనరు; ఆమెయు తన్ను అట్లు తలపోసికొనదు.

దీనినిబట్టి పిల్లలను పనికి పంపవచ్చునని తలిదండ్రులు భావింపరాదు. 6 మొదలు 14 ఏండ్లవఱకు బడియందుండుట పిల్లల హక్కని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. కాని బిడ్డ తిరిగివచ్చిన దినమున బడిలో ఆమెకొక మెట్టు సిద్ధముగా నుండుట ఉపాధ్యాయుల బాధ్యత.

6. యంత్రము ఎప్పుడు మేలు చేయును?

యంత్రమునందును ఇట్టి నిచ్చెనను కట్టవచ్చును. 2015 లో కార్తిక్ మురళీధరన్ మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు ఢిల్లీలో 619 మంది మాధ్యమిక పాఠశాల విద్యార్థులను పరిశీలించిరి. చీట్లు వేసి కొందఱికి మైండ్‌స్పార్క్ అను కంప్యూటరు పాఠములు నేర్పు కేంద్రములలో బడివేళల వెలుపల చదువుకొను అవకాశ మిచ్చిరి. పరీక్షింపగా పిల్లలలో చాలమంది తాము కూర్చున్న తరగతికంటె పెక్కు మెట్లు క్రింద నున్నట్లు తేలెను. ఆ కంప్యూటరు ప్రతి బాలుని తరగతినిగాక వాని మెట్టును చూచి, అక్కడినుండి ప్రశ్న లిచ్చెను. నాలుగున్నర నెలలకు అవకాశము పొందినవారు గణితమునందును హిందీయందును మిగిలినవారికంటె స్పష్టముగా ముందంజ వేసిరి. ఈ ఫలితములు 2019 లో ప్రకటింపబడెను.

ఆ కేంద్రములలో కంప్యూటరునకు తోడు చిన్న గుంపులకు సహాయము చేయు బోధకులును ఉండిరని మఱువరాదు. ఋషివ్యాలీ అట్టముక్కయు, ఢిల్లీ కంప్యూటరును వెలలో పోలవు గాని, రెండింటిలోను సూత్ర మొక్కటియే: బిడ్డ ఎక్కడ నున్నదో తెలిసికొని, అక్కడనుండి పై మెట్టునకు చేయి యందించుట.

7. ముగింపు

కావున "చెప్పుట వచ్చినవానికి ఇక నేర్చుకొనుట కేమున్నది?" అను ప్రశ్నకు సమాధాన మిది. చెప్పుట వేఱు, ఎదుటివానికి వచ్చునట్లు ఏర్పఱచుట వేఱు. మొదటిదానికి విషయజ్ఞానమును, కంఠమును చాలవచ్చును. రెండవదానికి చదువు కావలెను, పరీక్షలు చేయవలెను, తన పాఠమును తానే అనుమానింపవలెను.

తలిదండ్రులారా, బడికి ఎన్ని యంత్రములు వచ్చినవని యడుగుటతో తృప్తిపడకుడు. నా బిడ్డ ఏ మెట్టున నున్నది, తరువాతి మెట్టు ఏది, అందుకై ఏమి చేయుచున్నారు అని యడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల బడి మంచి బడి.

ఉపాధ్యాయ సోదర సోదరీమణులారా, పైచదువునుండి తెచ్చుకొనవలసిన సామగ్రి పెద్దది కాదు. ఈ సంవత్సరము ఒక్క పాఠమును ఎన్నుకొని, దాని మెట్లను కాగితముమీద వ్రాసి, కోతలనుండి తిరిగివచ్చిన బిడ్డకు ఆ మెట్లు ఉపయోగపడినవో లేదో చూడుడు.

ప్రియ విద్యార్థులారా, మీకు అర్థము కాని పాఠ మెదురైనపుడు "నాకు రాదు" అనకుడు. "ఏ మెట్టువఱకు వచ్చును?" అని మిమ్ము మీరే ప్రశ్నించుకొని, ఆ మెట్టును మీ ఉపాధ్యాయునికి చూపుడు. ఆయన చదివిన పైచదువంతయు ఆ మాటను విని మీకు సాయపడుట కొఱకే.